ఇంజిన్ ఎంత ఎత్తులో బిగించాలి? నాన్న మాట రైటా, వీడియో మాట రైటా?

ప్రశ్న:

మేస్త్రి గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పల్లె. నాన్న చాలా ఏళ్ళు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద పనిచేసి తిరిగొచ్చి, రెండేళ్ళ కిందట 22 అడుగుల ఫైబర్ బోటు కొన్నారు. దానితో వచ్చిన 15 అంగుళాల షాఫ్ట్ ఇంజిన్ కెరటాల్లో ఊరికే అరిచేది. అందుకని ఈసారి సెకండ్‌హ్యాండ్‌లో 9.9 హార్స్‌పవర్ లాంగ్ షాఫ్ట్ ఇంజిన్ తెచ్చాం. దాని షాఫ్ట్, అంటే బోటుకు తగిలించే చోటు నుంచి ఫ్యాను (ప్రొపెల్లర్) పైన ఉండే ప్లేటు దాకా పొడవు, 20 అంగుళాలు. బోటు వెనక పలక ఎత్తు 16 అంగుళాలే. ఫ్యాను పైన ఉండే ప్లేటు బోటు అడుగు కన్నా అంగుళం పైన ఉండాలని వీడియోల్లో చూసి, నేను పలక మీద 5 అంగుళాల చెక్క పెట్టి ఇంజిన్ ఎత్తాను. ఖాళీ బోటు బాగా పరిగెత్తింది. వలలు వేసుకుని నలుగురం వెళ్ళిన రోజు మాత్రం కెరటం దాటుతుండగా ఇంజిన్ ఒక్కసారిగా గోలపెట్టింది, బోటు ముందుకు కదల్లేదు. ఇంకొంచెంలో అడ్డం తిరిగిపోయేదే. చల్లబరిచే నీళ్ళ ధార కూడా ఆగి ఆగి వచ్చింది. నాన్న చెక్క తీసి పారేసి, ఇంజిన్ ఎంత లోతుకు పోతే అంత లోతుకు దించమంటున్నారు. నేను మెకానికల్ డిప్లొమా చదివాను, నాకది తప్పనిపిస్తోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరిది రైటు? పాత ఇంజిన్‌ను స్పేర్‌గా ఉంచుకోవచ్చా?

సమాధానం:

తమ్ముడూ, మిగతాది చదివే ముందు ఒక్కసారి బోటు దగ్గరికి వెళ్ళి ఆ 5 అంగుళాల చెక్క దేని ఆధారంతో నిలబడి ఉందో చూసి రండి. పలక మీద చెక్క పెట్టి, దాని మీద ఇంజిన్ తగిలించి, క్లాంపు మరలు బిగించేసి ఉంటే ఆ ఇంజిన్‌ను ఈ రోజే దించెయ్యండి. క్లాంపు మరలు పట్టుకునేది పై అంచు నుంచి రెండు మూడు అంగుళాల కిందే. అంటే మీ ఇంజిన్ వేలాడుతున్నది బోటును పట్టుకుని కాదు, మీరు పెట్టిన చెక్కను పట్టుకుని. ఆ చెక్కేమో నాలుగు స్క్రూల మీద నిలబడి ఉంటుంది. ఇంజిన్ బరువు సుమారు 40 కిలోలు. దానికి తోడు ఫ్యాను కింద నుంచి బోటును ముందుకు తోస్తున్నంతసేపూ పైన ఇంజిన్ తల వెనక్కి వాలిపోవాలని చూస్తుంది. గునపం పెట్టి పెకలించినట్టు ఆ చెక్కను పెకలిస్తుంది. ఎత్తు ఎంత అన్నది తర్వాత, ముందు ఇది.

ఇక గొడవ సంగతి. మీ బోటుకు, మీ తీరానికి మీ నాన్నగారి మాటే ఎక్కువ రైటు. పూర్తిగా రైటు మాత్రం కాదు. చెక్క లేకుండా 16 అంగుళాల పలక మీద 20 అంగుళాల షాఫ్ట్ నేరుగా తగిలిస్తే ప్లేటు బోటు అడుగు కన్నా 4 అంగుళాల కిందికి పోతుంది. మీరు 5 అంగుళాలు ఎత్తారు కాబట్టి అడుగు కన్నా అంగుళం పైకి వచ్చింది. మీకు కావలసింది అడుగు కన్నా అంగుళంన్నర కింద. అంటే రెండున్నర అంగుళాలు ఎత్తితే సరిపోతుంది. అక్కడ మొదలుపెట్టి, నీళ్ళలో చూసుకుని, అర అంగుళం అటో ఇటో జరుపుకోవాలి. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్తాను. లెక్క తెలిస్తే రేపు బోటు మారినా ఇంజిన్ మారినా మీరే చూసుకోగలరు.

ఫ్యాను నీటిని వెనక్కి నెడుతుంది అని మనం అనుకుంటాం. అది సగమే. రెక్క వెనక వైపు నెడుతుంటే, ముందు వైపు నీటిని పీలుస్తుంటుంది. ఆ పీల్చే చోట ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. పైన గాలి దగ్గర్లో ఉందంటే ఆ ఖాళీలోకి నీటి కన్నా ముందు గాలి దూరుతుంది. గాలిలో తిరిగే ఫ్యానుకు పట్టు ఉండదు కాబట్టి ఇంజిన్ ఒక్కసారిగా పైకి లేచి అరుస్తుంది, బోటు ఉన్న చోటే ఉంటుంది. ఫ్యాను పైన అడ్డంగా ఉండే ఆ ప్లేటు గాలి కిందికి దిగకుండా కాసే మూత. మన దగ్గర అందరూ దాన్ని కేవిటేషన్ ప్లేట్ అంటారు గానీ అసలు పేరు యాంటీ వెంటిలేషన్ ప్లేట్. కేవిటేషన్ వేరే జబ్బు. అందులో గాలి రాదు, ఒత్తిడి పడిపోయి నీరే ఆవిరి బుడగలయి రెక్కను తినేస్తుంది. మీకు జరిగింది అది కాదు. మీ ఫ్యాను గాలి మింగింది.

ఇంజిన్ చల్లబడేందుకు నీళ్ళు పీల్చే రంధ్రాలు కూడా ఆ ప్లేటుకు కిందనే, ఇంజిన్ కాలి (నీళ్ళలోకి దిగే కింది భాగం) పక్కన ఉంటాయి. ఫ్యానుకు గాలి అందిన చోట వాటికీ గాలే అందుతుంది. ధార ఆగి ఆగి రావడానికి అదే కారణం. లోపల నీళ్ళ పంపులో తిరిగేది రబ్బరు చక్రం. నీళ్ళు లేకుండా కాసేపు తిరిగినా దాని రెక్కలు కాలిపోతాయి, ముక్కలు ఊడి లోపలి దారుల్లో ఇరుక్కుంటాయి. కాబట్టి ఎత్తు సరిచేశాక కూడా ఆ రబ్బరు చక్రాన్ని విప్పి చూడండి. పాడై ఉంటే మార్చండి. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ కాబట్టి బాగానే ఉన్నట్టు కనపడినా మార్చెయ్యమనే చెప్తాను.

మరి వీడియోలో చెప్పింది అబద్ధమా? కాదు. ఆ బోటు వేరు, ఆ నీళ్ళు వేరు. అసలు ఈ 9.9 అన్న అంకే అలా పుట్టింది. అమెరికాలో చాలా చెరువుల్లో, సరస్సుల్లో 10 హార్స్‌పవర్ దాటిన ఇంజిన్ పెట్టకూడదని నియమాలు ఉన్నాయి. ఆ గీతకు ఇవతల ఉండేందుకు కంపెనీలు 9.9 తయారుచేశాయి. అక్కడ ఒకరో ఇద్దరో కూర్చున్న తేలిక అల్యూమినియం బోటు, అద్దంలాంటి నీటి మీద ముక్కు పైకెత్తి జారుతూ పోతుంది. ఆ వేగంలో నీరు బోటు అడుగు నుంచి శుభ్రంగా, గట్టిగా వెనక్కి వస్తుంది. ప్లేటు కొంచెం పైకి ఉన్నా ఫ్యానుకు నిండు నీరు దొరుకుతుంది. పైగా ఆ వేగంలో నీళ్ళలో ఉన్న ఇంజిన్ కాలు ప్రతి అంగుళానికీ బోటును వెనక్కి లాగుతుంది. అందుకే వాళ్ళు అర అంగుళం కోసం కూడా తపన పడతారు.

మీ బోటు అలా జారదు. నలుగురు మనుషులు, వలలు, ఐసు పెట్టె, పెట్రోలు, తిరిగి వచ్చేటప్పుడు చేపలు. ఈ బరువుతో 9.9 ఇంజిన్ బోటును ఎత్తలేదు, నీటిని కోసుకుంటూ నెట్టగలదు అంతే. నీటిగీత దగ్గర 20 అడుగుల పొడవున్న బోటు అలా నీటిని కోసుకుంటూ పోతే గంటకు 6 నాటికల్ మైళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఎంత పెట్రోలు పోసినా అమరం (బోటు వెనక భాగం) కుంగి అణియం (ముందు భాగం) లేస్తుందే తప్ప వేగం పెద్దగా పెరగదు. మీరు డిప్లొమా చదివారు కదా, నీటి లాగుడు వేగానికి వర్గంగా పెరుగుతుందని తెలుసు. 18 మైళ్ళ వేగంతో పోయే బోటుకు ఒక అంగుళం కాలు ఎక్కువ మునిగితే ఎంత నష్టమో, 6 మైళ్ళతో పోయే మీ బోటుకు అందులో తొమ్మిదో వంతే నష్టం. అంత చిన్న నష్టం తప్పించుకోవడానికి కెరటంలో పట్టు వదులుకోవడం నాకు ఎప్పుడూ లాభంగా కనపడలేదు.

ఖాళీ బోటు బాగా పరిగెత్తింది కదా, బరువు వేస్తే బోటు ఇంకా మునగాలి, ఫ్యాను ఇంకా లోతుకు పోవాలి, మరి అప్పుడే ఎందుకు అరిచింది అని మీకు అనుమానం రావాలి. మొదటి కారణం, బరువుతో మెల్లగా పోతున్న బోటుకు ఫుల్ త్రాటిల్ ఇస్తే ఫ్యాను పీలుపు ఎక్కువవుతుంది. పీలుపు ఎక్కువైతే గాలిని అంత దూరం నుంచి లాక్కుంటుంది. రెండో కారణం, మనుషులు ఎక్కడ ఉన్నారన్నది. కెరటం దాటేటప్పుడు ఇద్దరు అణియం దగ్గర ఉంటారు. వల కూడా ముందు వైపే ఉంటే బోటు తల బరువెక్కుతుంది. కెరటం శిఖరం దాటి అణియం కిందికి పడ్డ క్షణంలో అమరం గాలిలోకి లేస్తుంది. అక్కడ మీ ప్లేటు అంగుళం పైన ఉంది. ఆ క్షణంలో ఫ్యాను చుట్టూ ఉన్నది నీరు కాదు, నురగ. తీరం దగ్గర పగిలిన కెరటంలో నీళ్ళెన్నో గాలి కూడా అంత ఉంటుంది. చెరువులో తీసిన వీడియోలో ఈ నురగ ఉండదు.

నేను పని నేర్చుకున్న కొత్తలో ఒక బోటు యజమాని వేగం రావడం లేదని గొడవ చేస్తుంటే, ఆయన అడిగినట్టే ఇంజిన్‌ను అంగుళంన్నర పైకి ఎత్తి బిగించాను. రేవులో తిప్పి చూస్తే వేగం వచ్చింది. ఆయన సంతోషపడ్డాడు, నేనూ సంతోషపడ్డాను. వారం తిరక్కుండానే ఒడ్డుకు వస్తుంటే ఆ బోటు కెరటంలో పట్టు తప్పి అడ్డం తిరిగి బోర్లాపడింది. ప్రాణాలు దక్కాయి. ఒక కుర్రాడికి బోటు అంచు కాలి మీద పడి ఎముక విరిగింది. నాలుగు నెలలు వేటకు పోలేదు వాడు. అతని ఇంటికి వెళ్ళి కూర్చున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి రేవులో ఎంత బాగా పరిగెత్తినా, నిండు బరువుతో చూడనిదే నేను ఎవరి బోటుకూ చివరి బోల్టు వెయ్యలేదు.

ఇప్పుడు మీ నాన్నగారికి ఒక మాట. అయ్యా, మీ అనుభవం ముందు నా మాట ఎంత. కానీ 4 అంగుళాలు కిందికి దించేస్తే వేరే చిక్కులు వస్తాయి. మీరు దిగేది ఇసుక తీరంలో. ఒడ్డుకు వస్తున్నప్పుడు ముందుగా నేల తాకేది ఇంజిన్ కాలి చివర రెక్క. అది ఎంత కిందికి ఉంటే అంత ముందుగా ఇంజిన్ పైకి లేపాలి, అంతసేపు కెరటంలో ఇంజిన్ లేకుండా ఉండాలి. కాలు కిందికి పోయిందంటే తల కూడా కిందికి పోయిందని అర్థం. వెనక నుంచి వచ్చే కెరటం ఇంజిన్ మూత మీదుగా పొర్లితే గాలి పీల్చే దారిలోకి ఉప్పు నీళ్ళు పోతాయి. నెమ్మదిగా నడిచేటప్పుడు పొగ పోయేందుకు ఇంజిన్ కాలి పైభాగంలో చిన్న రంధ్రం ఉంటుంది. అది ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటే వల దగ్గర నెమ్మది మీద ఇంజిన్ మాటిమాటికీ ఆగిపోతుంది, మళ్ళీ తాడు లాగి స్టార్ట్ చెయ్యాలంటే చేతులు పడిపోతాయి. తోపు మరీ కింద నుంచి వస్తే అణియం కూడా అనవసరంగా లేస్తుంది. మీరు లాంగ్ షాఫ్ట్ తెప్పించింది మంచి పని. పాత ఇంజిన్‌తో మీ ప్లేటు అడుగుకు ఇంచుమించు సమానంగా, లేదా ఇంకా పైన ఉండేది, అందుకే అది అరిచేది. దానికన్నా అంగుళంన్నర, రెండంగుళాలు దిగితే మీరు కోరుకున్న పట్టు దొరుకుతుంది.

కొలత ఎలా తియ్యాలో చెప్తాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. ఇంజిన్ కొన్నప్పుడు చెప్పే 15, 20, 25 అంగుళాలు జాతి పేర్లలాంటివి. 20 అని అమ్మిన ఇంజిన్ నిజంగా కొలిస్తే అంగుళం, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. కాబట్టి షాఫ్ట్ అంకెలోంచి పలక ఎత్తు తీసేసి కాగితం మీద లెక్క వేసి చెక్క కొయ్యకండి. బోటును దుంగల మీద సమంగా నిలబెట్టండి. ఇంజిన్‌ను పలక నడిమధ్యలో తగిలించి, ప్లేటు బోటు అడుగుకు సమాంతరంగా వచ్చేలా వాలు పిన్ను (ఇంజిన్ వాలును నిలిపే పిన్ను) సరిచెయ్యండి. వాలు తప్పుగా ఉంటే కొలత కూడా తప్పు వస్తుంది. ఆరడుగుల అల్యూమినియం పట్టీనో, వంకర లేని చెక్క బద్దనో బోటు అడుగుకు ఆనించి వెనక్కి ఇంజిన్ దాకా పెట్టండి. ఆ బద్దకూ ప్లేటుకూ మధ్య దూరం స్కేలుతో కొలవండి. అది పై నుంచి కిందికి అంగుళంన్నర ఉండాలి. అంత వచ్చే దాకా ఇంజిన్ కింద సన్న చెక్కలు పేర్చి చూడండి. ఆ పేర్పు ఎత్తే మీకు కావలసిన ఎత్తు. రెండున్నర రావచ్చు, మూడున్నర రావచ్చు. చెక్క కొలత కన్నా ప్లేటు ఎక్కడ ఉందన్నదే ముఖ్యం.

ఇసుక మీదికి లాగేటప్పుడు అడుగు అరిగిపోకుండా చాలా బోట్లకు మధ్యలో పొడవునా గట్టు ఉంటుంది. మీ దానికీ ఉంటే ఆ గట్టు అడుగు నుంచి కొలవండి. అది పలక దాకా మొద్దుగా వచ్చి ఆగిపోయి ఉంటే దాని వెనక నీరు చెదిరిపోయి, ఆ చెదిరిన నీరు నేరుగా ఫ్యానులోకే పోతుంది. చివరి అడుగు, అడుగున్నర మేర ఆ గట్టును వాలుగా చెక్కి సన్నం చేయించండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎత్తు ఎంత మార్చినా తగ్గని అరుపు ఈ ఒక్క పనితో తగ్గడం నేను చూశాను.

పలక ఎత్తే పని ఫైబర్ పని తెలిసిన వాళ్ళతోనే చేయించండి. పలక పై అంచును గీకి, లోపలి చెక్క ఆరోగ్యంగా ఉందో లేదో చూడాలి. ఫైబర్ పలకల్లో చాలావాటికి మధ్యలో చెక్క ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల నుంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి అది కుళ్ళిపోతుంది, బయటికి మాత్రం నిగనిగలాడుతుంటుంది. చిన్న సుత్తితో పలక అంతా కొట్టి వినండి. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్ళిన చోట మెత్తగా, డొల్లగా మోగుతుంది. డొల్ల మోగితే ఎత్తు పెంచడం ఆపి ముందు పలకనే మార్చాలి. బాగుంటే పలక మందంతోనే మంచి మెరైన్ ప్లైవుడ్ ముక్కను పైన అతికించి, లోపలా బయటా కనీసం అడుగు కిందికి దిగేలా ఫైబర్ పొరలు వేయించండి. అప్పుడు పాత పలకా కొత్త ముక్కా ఒక్కటే అవుతాయి. పొరలు వేసేముందు మీ క్లాంపు ఎంత మందం దాకా తెరుచుకుంటుందో కొలిచి పనివాళ్ళకు చెప్పండి. అన్నీ అయ్యాక ఇంజిన్ ఎక్కకపోతే మళ్ళీ గీకాల్సి వస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కదా, ఈ పనికి అదే అదను. ఫైబర్‌కు ఆరడానికి తీరిక దొరుకుతుంది. రేపే వేటకు పోవాలని ఎవరూ తొందరపెట్టరు.

క్లాంపు మరలను మాత్రమే నమ్మకండి. వణుకుకు అవి వదులవుతాయి, ఎంత గట్టిగా బిగించినా సరే. ఇంజిన్ బ్రాకెట్‌కు బోల్టుల కోసం రంధ్రాలు ఉంటాయి. ఎత్తు ఖాయమయ్యాక వాటిలోంచి స్టెయిన్‌లెస్ బోల్టులు పలక అవతలికి దూర్చి, లోపల వైపు పెద్ద వాషర్లు వేసి, నైలాన్ లాక్ నట్టులతో బిగించండి. తొలిచిన రంధ్రం లోపలి గోడలకు ముందు రెజిన్ పట్టించి, తర్వాత మెరైన్ సీలెంట్ వెయ్యండి. ఇంజిన్ నుంచి బోటుకు ఒక గట్టి నైలాన్ తాడో గొలుసో కట్టి ఉంచండి. బోల్టులు తెగినా ఇంజిన్ సముద్రం పాలవకుండా అది కాపాడుతుంది.

బోల్టులకు రంధ్రాలు తొలచడం అన్నిటికన్నా చివరి పని. అంతవరకు గట్టి పలక మీద క్లాంపుతో, కాపు తాడు కట్టి, నీళ్ళలో చూసుకోవాలి. నిషేధం రోజుల్లో ఇంజిన్‌తో నీళ్ళలోకి దిగేముందు మీ మత్స్యశాఖ సిబ్బందికి ఒక మాట చెప్పి వెళ్ళండి. వల బోటులో పెట్టుకోకండి. పొద్దున్నే గాలి లేనప్పుడు ఏటి మొగ లోపల ప్రశాంతంగా ఉన్న నీళ్ళు చూసుకోండి. చేపల బరువుకు బదులు నీళ్ళ డ్రమ్ములు పెట్టవచ్చు, 200 లీటర్ల డ్రమ్ము నిండితే 200 కిలోలు. వేటలో ఎవరు ఎక్కడ ఉంటారో అక్కడే కూర్చోబెట్టండి. ఫోన్‌లో వేగం చూపించే యాప్ పెట్టి, పోటు పాటు తేడా పోయేలా అటొకసారి ఇటొకసారి నడిపి సగటు తియ్యండి. ఫుల్ త్రాటిల్‌లో ఇంజిన్ ఎన్ని తిరుగుళ్ళు తిరుగుతోందో చూడాలి. వైరు చుట్టి చూసుకునే చిన్న మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫోర్‌స్ట్రోక్ చిన్న ఇంజిన్లలో చాలావాటికి 5000 నుంచి 6000 మధ్య ఉండాలంటారు, మీ ఇంజిన్ పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. తర్వాత అదే బరువుతో గట్టిగా మలుపు తిప్పండి. ఇద్దర్ని అణియం దగ్గరికి పంపి మళ్ళీ తిప్పండి. అరవకపోతే అర అంగుళం పైకి ఎత్తి మళ్ళీ అదే చెయ్యండి. ఎక్కడో ఒక చోట గాలి మింగుతుంది. ఆ ఎత్తు నుంచి పూర్తిగా ఒక అంగుళం కిందికి దించి అక్కడ ఖాయం చెయ్యండి. ఆ అంగుళం కెరటానికి కేటాయించిన అంగుళం, వేగం కోసం దాన్ని ఖర్చు పెట్టొద్దు. ప్రతిసారీ ఎత్తు, వేగం, తిరుగుళ్ళు ఒక నోటుబుక్కులో రాసుకోండి. నాన్నగారిని కూడా బోటులో కూర్చోబెట్టుకుని చెయ్యండి, ఆయన వినేది ఇంజిన్ గొంతు, మీరు చూసేది అంకెలు, రెండూ కావాలి.

ఒకవేళ ఎంత దించినా, నీళ్ళు నిలకడగా ఉన్నా కూడా ఇంజిన్ అరుస్తుంటే అది ఎత్తు జబ్బు కాదు. ఫ్యాను మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది, సెకండ్‌హ్యాండ్ ఇంజిన్లలో అది జారిపోతుంటుంది. ఫ్యాను కేంద్రం మీద లోపలి గొట్టానికీ బయటి భాగానికీ కలిపి పెయింటుతో ఒక గీత గీసి, కాసేపు ఫుల్ త్రాటిల్‌లో నడిపి చూడండి. గీత విరిగి రెండు ముక్కలు రెండు చోట్ల కనపడితే బుష్ పోయినట్టే. వంగిన, చిట్లిన రెక్కలు కూడా ఇదే అరుపు తెప్పిస్తాయి.

ఎత్తు ఎంత సరిగ్గా పెట్టినా నురగలో ఫ్యాను అప్పుడప్పుడు పట్టు వదులుతుంది. అప్పుడు భయంతో త్రాటిల్ ఇంకా తిప్పేస్తారు చాలామంది. తిప్పినకొద్దీ గాలి ఇంకా మింగుతుంది. వెంటనే త్రాటిల్ తగ్గించండి, ఒక్క క్షణంలో బుడగలు వదిలిపోయి ఫ్యాను నీటిని పట్టుకుంటుంది, అప్పుడు మెల్లగా పెంచండి. ఇది చేతికి అలవాటు కావాలి కాబట్టి ప్రశాంతమైన నీళ్ళలో మలుపుల దగ్గర ప్రాక్టీస్ చెయ్యండి. ముందుకు పోయేటప్పుడు ఇంజిన్ పైకి లేవకుండా పట్టుకునే లాక్ వదిలేసి ఉంచండి, ఇసుక దిబ్బ తగిలితే కాలు దానంతటదే పైకి లేచిపోతుంది. రివర్స్ వేసేటప్పుడు మాత్రం ఆ లాక్ పడాలి. ఇంజిన్ ఆపే ఎర్ర తాడు ఎవరు నడుపుతుంటే వాళ్ళ చేతికి ఉండాలి. అది ఇంజిన్‌కే చుట్టి వదిలేసిన బోట్లు నేను రోజూ చూస్తుంటాను, చూసినప్పుడల్లా గుండె ఆగినంత పనవుతుంది. మనిషి నీళ్ళలో పడి బోటు గుండ్రంగా తిరిగి వచ్చి అతని మీదికే వస్తే ఆ ఫ్యానును ఆపేది ఆ తాడొక్కటే.

పాత ఇంజిన్ స్పేర్‌గా పనికిరాదు. పలక 18, 19 అంగుళాలకు పెరిగాక 15 అంగుళాల షాఫ్ట్ తగిలిస్తే ప్లేటు అడుగు కన్నా మూడు నాలుగు అంగుళాల పైన ఉంటుంది, అవసరం పడ్డ రోజున అది గాలిలోనే తిరుగుతుంది. అమ్మెయ్యండి. ఆ డబ్బుతో కొత్త నీళ్ళ పంపు రబ్బరు చక్రాలు రెండు, ఒక స్పేర్ ఫ్యాను, స్పార్క్ ప్లగ్గులు, ఫ్యాను పిన్నులు కొని నీళ్ళు దూరని డబ్బాలో బోటులోనే పెట్టుకోండి. పరీక్ష అయ్యాక నోటుబుక్కులో రాసిన అంకెలు నాకు పంపండి, ఏ ఎత్తు దగ్గర గాలి మింగిందో, అణియం దగ్గర ఎంతమంది ఉన్నారో కూడా రాయండి, చూసి చెప్తాను.